వీరవేణిని ప్రోత్సహించిన సంవత్సరం

కంప్యూటరు చదువుకోమని గుత్తుల వీరవేణికి మొదట్లో ఎవరూ చెప్పలేదు. ఆ లోటు తర్వాత తీరింది.

వాళ్ళ నాన్న ఏడుకొండలుకు ఈదరవాడ బస్టాండు వెనక మోటారు వైండింగు కొట్టుంది. రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి పడేస్తే, మాడిన తీగంతా ఊడబీకి, కొత్త రాగితీగ చుట్టి ఇస్తాడు. చుట్ల లెక్క తప్పితే మోటారు తిరగదు. బతిమాలినా తిరగదు, తిట్టినా తిరగదు. చిన్నప్పట్నుంచీ ఆ కొట్లో స్టూలు మీద కూర్చుని హోంవర్కు రాసుకున్న పిల్ల కాబట్టి, వీరవేణికి మాటల్తో లొంగని వస్తువులంటే ఒక గౌరవం ఏర్పడింది. ఇంటర్మీడియెట్ అయ్యాక బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరతానంది. ఏడుకొండలు చేతికంటిన వార్నీషు గుడ్డకు తుడుచుకుని, సరే పద అని బండి తీశాడు. వద్దనలేదు. శభాష్ అని కూడా అనలేదు. ఆయనకది పెద్ద విషయంగా తోచలేదు.

ఈదరవాడ మహిళా డిగ్రీ కళాశాలలో కంప్యూటరు చెప్పే మేడం ఒక్కరే, పేరు మెహరున్నిసా. కాంట్రాక్టు ఉద్యోగం. ల్యాబులో ఉన్న కంప్యూటర్లలో సగం పనిచేసేవి, మిగతా సగం పనిచేసే వాటికి స్పేరు పార్టులుగా ఉపయోగపడేవి. క్లాసులో ఉన్న పిల్లలు పదిమందికి మించరు. అయినా మెహరున్నిసా బల్లబల్లకీ తిరిగి చెప్పేది. లూపు అంటే ఏమిటో మిగతా పిల్లలకు అర్థం కావడానికి వారం పట్టింది. వీరవేణికి ఒక్క పూటలో అర్థమైంది. ఇన్ని చుట్లు చుట్టు, ఆ తర్వాత ఆపు. అంతే కదా, మా నాన్న రోజూ చేసేది అదే అనుకుంది.

మొదటి సంవత్సరం చివర్లో ఆమె ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. మోటారు ఎన్ని హార్స్‌పవరో చెబితే తీగ ఎంత పడుతుందో అది చెబుతుంది. ఏడుకొండలు కళ్ళజోడు పెట్టుకుని చూసి, తక్కువ చూపిస్తోందన్నాడు. కూతురు తప్పు వెతికి దిద్దింది. ఇంకా తక్కువే అన్నాడు. మళ్ళీ దిద్దింది. ఆ నాలుగు రోజులూ ఆ తండ్రీకూతుళ్ళు పడిన సుఖం ఇంతా అంతా కాదు.

రెండో సంవత్సరం కాలేజీ తెరిచేసరికి పైనుంచి ఉత్తరువు వచ్చింది.

"యువతులలో సంగణక విద్య పట్ల గల అనాసక్తిని నిర్మూలించి, తత్‌స్థానమున ఆసక్తిని నెలకొల్పి, నెలకొల్పబడిన ఆసక్తి యొక్క ఛాయాచిత్రములను ప్రతి శనివారము సాయంత్రములోగా పంపవలెను" అని అందులో ఉంది. సంగణకమంటే కంప్యూటరేనట. ఆ సంవత్సరానికి 'తరుణీ సాంకేతిక ప్రోత్సాహ సంవత్సరం' అని పేరు పెట్టారు. అత్యుత్తమంగా ప్రోత్సహించిన కళాశాలకు బహుమానం ఇస్తారట.

ప్రిన్సిపాల్ విశ్వేశ్వరం గారు వృక్షశాస్త్రం మనిషి. తుంగగడ్డి మీద డాక్టరేటు చేశారు. ఎక్కడ పీకేసినా మళ్ళీ మొలిచే గుణం ఆయనకు ఆ పరిశోధన వల్లే అబ్బిందని గిట్టనివాళ్ళు అనేవారు. ఆయన అధ్యాపకుల్ని సమావేశపరిచి ఉత్తరువు చదివి వినిపించారు. మెహరున్నిసా లేచి, పాడైన కంప్యూటర్లు బాగుచేయిస్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వస్తారని చెప్పింది.

"అది మౌలిక వసతుల పద్దు తల్లీ" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఇది ప్రోత్సాహం పద్దు. ఆ పద్దులో ఉన్నది ఈ పద్దులోకి తెస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. మనం ప్రోత్సహించాలి. బాగుచేయకూడదు."

ఈ ముక్క వినగానే రాజనీతి శాస్త్రం చెప్పే దాక్షాయణి మేడంకి మంచి ఉత్సాహం వచ్చింది. ఆవిడకు మైకు దొరికితే వదలదు. కంప్యూటరు ఆన్ చేయడం రాదని ఆవిడే నవ్వుతూ చెప్పేది. అందువల్ల నిష్పాక్షికంగా ప్రోత్సహించగలదని భావించి, ప్రోత్సాహక విభాగానికి ఆవిడను కన్వీనరుగా వేశారు.

ప్రోత్సాహానికి ఒక గది కావాలి. కాలేజీలో ఏసీ ఉన్న గది కంప్యూటరు ల్యాబు ఒక్కటే. అదీగాక అక్కడి కంప్యూటర్లు పాతవి. వైర్లు వేలాడుతూ ఫోటోలో మరీ అన్యాయంగా కనబడతాయి. వాటిని చూస్తే అమ్మాయిలకు నిరుత్సాహం కలుగుతుందని కన్వీనరు గారు నివేదిక రాశారు. వెంటనే కంప్యూటర్లన్నీ ఆటల గదిలోకి, కబడ్డీ చాపల వెనక్కి చేరాయి. ల్యాబు గోడలకు గులాబీ రంగు వేయించి, మధ్యలో థర్మాకోలుతో నిలువెత్తు ల్యాప్‌టాప్ ఒకటి నిలబెట్టారు. దాని తెర ఉండాల్సిన చోట చిల్లు. అమ్మాయిలు వెనకనుంచి ఆ చిల్లులో తల పెడితే ముందునుంచి ఫోటో తీస్తారు. మొదటి శనివారానికే కాలేజీలోని ప్రతి ఆడపిల్లా, తెలుగు గ్రూపు నుంచి గృహవిజ్ఞానం దాకా, కంప్యూటరులో తల దూర్చినట్టు ఛాయాచిత్ర సహితంగా పైకి వెళ్ళింది. ఈదరవాడ కాలేజీ అభినందన కూడా అందుకుంది.

వీరవేణి మాత్రం మెహరున్నిసా దగ్గరికి వెళ్ళి, ప్రాక్టికల్స్ ఎక్కడ మేడం అని అడిగింది. ప్రస్తుతానికి బోర్డు మీద చేద్దామంది మెహరున్నిసా. రెండు వారాలు బోర్డు మీద చేశారు. ఆ తర్వాత ఫోటోలు పైకి పంపడానికి కంప్యూటరు తెలిసిన మనిషి కావాల్సొచ్చి, మెహరున్నిసాను ఆ పనికి మార్చారు. కంప్యూటరు చెప్పే మేడం కంప్యూటరు ముందు కూర్చుంది కాబట్టి ఇందులో ఎవరికీ తప్పు కనబడలేదు.

ఇంతలో పైనుంచి రెండో ఉత్తరువు. ప్రతి కళాశాలా ఒక 'స్ఫూర్తి తరుణి'ని ఎంపిక చేయాలి. ఆమె తీవ్రమైన ప్రతికూల పరిస్థితులను అధిగమించి సంగణక విద్య అభ్యసిస్తూ ఉండాలి. కాలేజీ మొత్తం వెతికితే ప్రోగ్రాం రాయగలిగిన పిల్ల వీరవేణి ఒక్కతే తేలింది. దాక్షాయణి మేడం ఆమెను గదికి పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని, తల నిమిరి, కలం తీసింది.

"ఇప్పుడు చెప్పమ్మా. నువ్వు కంప్యూటరు చదువుతానంటే ఇంట్లో ఎవరు వద్దన్నారు?"

"ఎవరూ అన్లేదండి."

"భయపడకు. మీ నాన్నగారేగా?"

"లేదండి. ఆయనే బండి మీద తీసుకొచ్చి చేర్పించారండి."

"పోనీ చుట్టాలు? మేనత్తలూ వాళ్ళూ?"

"వాళ్ళకి నేనేం చదువుతున్నానో తెలీదండి."

దాక్షాయణి మేడం కలం విదిల్చింది. "కనీసం ఇంట్లో కరెంటు లేకపోవడం, వీధి దీపం కింద చదువుకోవడం, అలాంటివేవైనా?"

"మాది మోటార్ల కొట్టండి. కరెంటు ఉంటుందండి."

అంతా విని దాక్షాయణి మేడం కలం మూసేసింది. అడ్డుపడినవాళ్ళే లేకపోతే దాటడం అనే మాట ఎలా వస్తుంది, దాటకపోతే స్ఫూర్తి ఎలా పుడుతుంది అని అడిగింది. కళాశాల పరువు విషయం అని కూడా చెప్పింది. తనవల్ల కళాశాలకు లోటు వచ్చిందే అని వీరవేణికి నిజంగానే బాధ కలిగింది. మర్నాడు ఏడుకొండలుకు కబురు వెళ్ళింది.

ఏడుకొండలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కూతురు ఏదైనా తప్పు చేసిందేమోనని దారి పొడుగునా మథనపడ్డాడు. ప్రిన్సిపాల్ గారు ఆయనకు కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, వచ్చే సోమవారం సభలో నాలుగు మాటలు మాట్లాడాలన్నారు. మాటలు దాక్షాయణి మేడం రాసి ఇచ్చింది. అజ్ఞానంతో నా కుమార్తె చదువుకు అడ్డుపడ్డాను, ఆడపిల్లకు కంప్యూటరెందుకని గద్దించాను, ఈ కళాశాల వారి ప్రోత్సాహంతో నా కళ్ళు తెరుచుకున్నాయి అన్నది దాని సారాంశం.

ఏడుకొండలు ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు.

"నేనెప్పుడొద్దన్నానండీ?" అన్నాడు మెల్లగా.

"అనలేదనుకోండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు ఎంతో ఓపికగా. "కానీ అనే అవకాశం ఉంది కదా. సమాజంలో అనేవాళ్ళున్నారు. వాళ్ళందరి తరఫునా మీరు మారుతున్నారు. ఇది ఒక బాధ్యత."

"అమ్మాయికి మంచి జరుగుతుందాండీ?"

జరుగుతుందన్నారు. దాంతో ఏడుకొండలు ఒప్పుకున్నాడు. సోమవారం నాడు వేదికెక్కి, కాగితం చూసి, అజ్ఞానంతో అడ్డుపడ్డానని చదివాడు. ఆడపిల్లలంతా చప్పట్లు కొట్టారు. దాక్షాయణి మేడం కళ్ళొత్తుకుంది. ముందు వరసలో కూర్చున్న వీరవేణికి నాన్న మెడ మీద చెమట కనబడింది. ఆమె చూపు దించుకుని, మళ్ళీ ఎత్తలేదు.

స్థానిక పత్రికలో ఫోటో పడింది. కింద 'మారిన తండ్రి' అని వేశారు. మూడో రోజు ఒక ముసలి రైతు కాలిన మోటారును బండి మీద వేసుకుని కొట్టు దాకా వచ్చి, నువ్వేనా ఆడపిల్ల చదువు మానిపించబోయింది అని అడిగి, మోటారు దింపకుండానే పక్క వీధి కొట్టుకు తీసుకెళ్ళాడు. ఇంట్లో భార్య నూకరత్నం అంతకంటే నయంగా లేదు.

"అనని మాట అన్నానని అంతమందిలో చెప్పడానికి నోరెలా వచ్చిందండీ?" అంది మొగుడితో. "రేపు దొంగతనం చేశానని రాసిచ్చినా చదివేస్తారా?"

పిల్లకి మంచి జరుగుతుందన్నారే అన్నాడాయన.

జరిగిన మంచి ఏమిటంటే, కాలేజీ గేటు మీద వీరవేణి నిలువెత్తు ఫ్లెక్సీ వెలిసింది. ఆమెకు గులాబీ రంగు పట్టీ ఒకటి భుజానికి వేసి, వ్యాను ఎక్కించి, చుట్టుపక్కల హైస్కూళ్ళన్నీ తిప్పడం మొదలుపెట్టారు. ఉదయం ప్రార్థన వేళకు ఒక బడి, మధ్యాహ్నం మరో బడి. ఉపన్యాసం దాక్షాయణి మేడం రాసిందే. "సోదరీమణులారా, నేను కూడా ఒకనాడు మీలాగే అంధకారంలో ఉండేదాన్ని" అని మొదలవుతుంది. తర్వాత తండ్రి గద్దించిన ఘట్టం. అక్కడ ఒక క్షణం ఆగి గొంతు జీరపోవాలి. వీరవేణికి జీరపోవడం రాలేదు. ఆ చోట దాక్షాయణి మేడమే మైకు తీసుకుని జీరపోయేది.

తోటి పిల్లలు కూడా తప్పించుకోలేదు. కంప్యూటర్స్ గ్రూపు వాళ్ళంటే ప్రోత్సాహానికి సజీవ ఉదాహరణలు కదా. ర్యాలీ జరిగితే ముందు వరసలో వాళ్ళే ఉండాలి, మంత్రులెవరైనా ఆ దారిన పోతే పూలు చల్లేదీ వాళ్ళే, ఏ సభకైనా నృత్య రూపకం వేసేదీ వాళ్ళే. నృత్య రూపకంలో ఒకమ్మాయి మౌసు, ఒకమ్మాయి కీబోర్డు. వైరస్ వేషానికి ఎవరూ ఒప్పుకోకపోతే చీటీలు వేశారు. దసరా సెలవుల తర్వాత వాళ్ళలో సగంమంది చరిత్ర గ్రూపులోకి మార్చుకున్నారు. చరిత్ర గ్రూపును ఎవరూ ప్రోత్సహించడం లేదనీ, అక్కడ చక్కగా పాఠాలు జరుగుతున్నాయనీ వాళ్ళు చెప్పుకున్నారు.

ఒకరోజు కాలవ గట్టు మీది హైస్కూల్లో ఉపన్యాసం అయిపోయింది. దాక్షాయణి మేడం హెడ్మాస్టరు గారి గదిలో టిఫిను తింటోంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వీరవేణి పట్టీ పట్టుకుని లాగింది.

"అక్కా, ఇంతకీ కంప్యూటరుతో ఏం చేత్తారు? చెప్పలేదుగా."

వీరవేణి ఆలోచించింది. నిజంగానే చెప్పలేదు. ఇన్ని బళ్ళు తిరిగినా, అంధకారం గురించి చెప్పింది, వెలుగు గురించి చెప్పింది, కంప్యూటరు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె పట్టీ తీసి కిటికీకి తగిలించి, సుద్దముక్క అందుకుంది. ఆ పిల్లనే కంప్యూటరువి నువ్వే అని నిలబెట్టింది. మిగతా పిల్లలు వరసగా ఆజ్ఞలు ఇవ్వాలి. తలుపు దాకా నడిపించి గడియ తీయించాలి. చెప్పింది తప్ప ఇంకేదీ చేయకూడదు. పిల్లలు ముందుకు నడు అన్నారు. ఎక్కడ ఆగాలో చెప్పలేదు. ఆ పిల్ల నడిచి నడిచి గోడకు ఆనుకుని, అక్కడే కాళ్ళు ఆడిస్తూ నిలబడింది. తరగతంతా ఘొల్లుమంది. తప్పు కంప్యూటరుదా, చెప్పినవాళ్ళదా అని అడిగింది వీరవేణి. మాదే అన్నారు పిల్లలు. అయితే దిద్దండి అంది. దిద్దారు. మళ్ళీ గోడ. మళ్ళీ దిద్దారు. గడియ తీసేసరికి గంట కొట్టారు. అయినా ఎవరూ లేవలేదు. చాలా రోజుల తర్వాత వీరవేణికి ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది.

గుమ్మంలో దాక్షాయణి మేడం నిలబడి ఉంది. మర్నాడు మెమో వచ్చింది.

"స్ఫూర్తి తరుణి అయిన మీరు నిర్ణీత ప్రోత్సాహ ప్రసంగము నుండి వైదొలగి, విద్యార్థినులకు విషయమును బోధించినట్లు మా దృష్టికి వచ్చినది. బోధన ప్రోత్సాహము యొక్క పరిధిలోనికి రాదు. ఇట్టి చర్యల వలన విద్యార్థినులు ప్రోత్సాహమునకు పూర్వమే విద్యను పొందు ప్రమాదము కలదు. సంజాయిషీ ఇవ్వవలెను."

వీరవేణి సంజాయిషీ రాసింది. ఇకముందు ఎవరికీ ఏమీ నేర్పనని హామీ ఇచ్చింది. అంతటితో ఆ విషయం ముగిసింది.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఫీజు కట్టబోతే ఆఫీసులో తీసుకోలేదు. హాజరు చాలలేదన్నారు. వీరవేణి పరుగున ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళింది. తాను క్లాసుకు రాకపోవడానికి కారణం కాలేజీ పనేననీ, వ్యానులో తిప్పింది కాలేజీయేననీ చెప్పింది. ప్రిన్సిపాల్ గారు సానుభూతితో విన్నారు. నిబంధనల పుస్తకం తిరగేశారు. అనారోగ్యం వల్ల గైర్హాజరైతే మినహాయింపు ఉంది, క్రీడల వల్ల అయితే ఉంది. ప్రోత్సాహం అనారోగ్యమూ కాదు, క్రీడా కాదు.

"నిరాశపడకు" అన్నారు. "వచ్చే ఏడు నుంచి కొత్త పథకం వస్తోంది. సంగణక విద్యలో వెనకబడిన బాలికలకు పునఃప్రోత్సాహం. నువ్వు మొదటి లబ్ధిదారువు అవుతావు. నేనే స్వయంగా సిఫారసు చేస్తాను."

వీరవేణి నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. ఆటల గది కిటికీలోంచి చూస్తే కబడ్డీ చాపల వెనక కంప్యూటర్ల నెత్తిన దుమ్ము కనబడింది. దసరాకి మారని సగంమందీ తర్వాత ఒక్కొక్కరే మారిపోగా, అప్పటికి కంప్యూటర్స్ గ్రూపులో మిగిలింది ఆమె ఒక్కతే. ఒక్క విద్యార్థిని కోసం గ్రూపు నడపడం దుబారా అని పైనుంచి తేల్చారు. వచ్చే ఏడు నుంచి గ్రూపు రద్దు. చెప్పడానికి గ్రూపు లేదు కనుక మెహరున్నిసా కాంట్రాక్టు పొడిగించలేదు. ప్రోత్సాహక విభాగాన్ని మాత్రం శాశ్వతం చేశారు. అమ్మాయిల్లో ఆసక్తి ఇంతగా పడిపోయిన చోట ప్రోత్సాహం అవసరం మరింత ఎక్కువ కదా అన్నారు.

మెహరున్నిసా బీరువా ఖాళీ చేసుకుంటూంటే వీరవేణి సాయానికి వెళ్ళింది. ఇద్దరూ కలిసి పుస్తకాలు కట్టలు కట్టారు. చివరి కట్ట ముడేస్తూ మెహరున్నిసా అంది.

"కోటిపేటలో అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివే కాలేజీ ఉంది కదా, అక్కడ చేరు. ల్యాబు పనిచేస్తుంది. చెప్పే సారు మొహం చిట్లించుకునే ఉంటాడు, ఎవర్నీ మెచ్చుకోడు. కానీ చెప్తాడు."

వీరవేణి మర్నాడే టీసీ కోసం అర్జీ పెట్టింది. ఆఫీసువాళ్ళు తల అడ్డంగా ఊపారు. స్ఫూర్తి తరుణిని పథకం ముగిసేదాకా విడుదల చేయరాదని నియమం. మూడు మినహాయింపులున్నాయి. మరణం, వివాహం, పై అధికారి ఎదుట సంరక్షకుడు తెలిపిన అభ్యంతరం. వీరవేణి వాటిని అదే వరసలో ఆలోచించింది. మొదటి రెండూ చదువుకు పనికొచ్చేవి కావు.

ఆ సాయంత్రం కొట్టు కట్టేసే వేళకు వెళ్ళి, నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని సంగతంతా చెప్పింది. ఏడుకొండలు తీగ చుట్టడం ఆపలేదు.

"అంటే ఇప్పుడు నేను వద్దనాలా?"

"అవును నాన్నా. ఈసారి నిజంగా."

"అనని మాట అన్నానని ఓసారి చెప్పించారు" అన్నాడాయన. "ఇప్పుడు నువ్వేమో అనబుద్ధి కాని మాట అనమంటన్నావు." లెక్క తప్పిన చుట్టు విప్పాడు. "చిన్నప్పట్నుంచీ నీకు ఏదైనా వద్దన్నానా అమ్మలూ?"

"లేదు నాన్నా. ఇదొక్కటే."

నూకరత్నం ఇంటి దగ్గర ఈ మాట విని, మీరు అనకపోతే నేనంటాను అంది. కానీ నియమం ప్రకారం సంరక్షకుడిగా రాసి ఉన్నది తండ్రి పేరు.

వేసవి సెలవులయ్యి కాలేజీలు తెరిచిన వారానికి అవకాశం తనంతట తానే వచ్చింది. అత్యుత్తమ ప్రోత్సాహ బహుమతి ఈదరవాడ మహిళా కళాశాలకే వచ్చింది. ఒక్క సంవత్సరంలో ఇన్ని వేల ఛాయాచిత్రాలు పంపిన కాలేజీ మరొకటి లేదట. బహుమతి ఇవ్వడానికి ప్రాంతీయ సంయుక్త సంచాలకులు పరబ్రహ్మం గారు స్వయంగా విచ్చేశారు. ఈ కళాశాలలో ఈనాడు సంగణక విద్య పట్ల ఆసక్తి లేని యువతి ఒక్కరూ లేరని ఆయన సభాముఖంగా ప్రకటించారు. సంగణక విద్య చదివే యువతి కూడా ఎవరూ లేరన్న సంగతి ఆయన ఉపన్యాసంలో లేదు. నృత్య రూపకం వేశారు. వైరస్ వేషం ఈసారి అటెండరు వేశాడు. తర్వాత మారిన తండ్రిని వేదిక మీదికి పిలిచారు.

ఏడుకొండలు ఎక్కాడు. దాక్షాయణి మేడం పాత కాగితమే చేతికిచ్చింది. ఆయన దాన్ని మడిచి బల్ల మీద పెట్టాడు. వీరవేణి ఈసారి తల దించుకోలేదు. నాన్న వైపే చూస్తూ కూర్చుంది.

"నాకు అభ్యంతరం ఉందండి" అన్నాడు. దాక్షాయణి మేడం ఏడాది పాటు నేర్పినా కూతురికి రాని జీర, ఎవరూ అడక్కుండానే తండ్రి గొంతులోకి వచ్చింది. "మా అమ్మాయి ఈ కాలేజీలో చదవడానికి ఒప్పుకోనండి. రేపే టీసీ ఇప్పించండి."

ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి సగం లేచి, సంచాలకుల మొహం చూసి, మిగతా సగం లేవాలో కూర్చోవాలో తెలియక అలాగే ఉండిపోయారు. పరబ్రహ్మం గారు మాత్రం మెల్లగా నవ్వారు. లేచి వచ్చి మైకు అందుకున్నారు.

"పథకం పూర్తయింది కనుక ఆపివేయాలని పైన కొందరంటున్నారు. వారికి ఈ తండ్రిని చూపించాలి" అన్నారు. "ఏడాది పాటు ఇంతగా ప్రోత్సహించినా ఈ మనిషి మారలేదు. మారి కూడా మళ్ళీ వెనక్కి మారాడు. ఇలాంటి తండ్రి ఒక్కడున్నా సరే, ఈ పథకం మరో మూడేళ్ళు కొనసాగాలి. నేను సిఫారసు చేస్తున్నాను."

చప్పట్లతో సభ మారుమోగింది. పరబ్రహ్మం గారు ఏడుకొండలు భుజం మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకున్నారు. దాక్షాయణి మేడం అక్కడికక్కడే పునఃప్రోత్సాహ పథకానికి రాష్ట్రస్థాయి శిక్షకురాలైంది. ఎందుకు వద్దంటున్నావయ్యా అని మాత్రం ఏడుకొండల్ని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని ఆయన దారిలో ఒక వాక్యం తయారుచేసుకుని వచ్చాడు. అమ్మాయికి చదువు కావాలండీ అని. అది చెప్పే పని పడలేదు.

టీసీ మర్నాడు ఉదయానికల్లా సిద్ధమైంది. కాలేజీ చరిత్రలో ఒక కాగితం అంత తొందరగా తయారవడం అదే మొదలట. కారణం అన్న చోట "సంరక్షకుడు చదువు మాన్పించినందున" అని ప్రిన్సిపాల్ గారే స్వహస్తాలతో నింపారు.

తండ్రీకూతుళ్ళు ఆ కాగితం పట్టుకుని కోటిపేట కాలేజీకి వెళ్ళేసరికి పది దాటింది. ఆఫీసులో గుమాస్తా ఒకాయన, బల్ల మీద కాగితాల గుట్ట మధ్యనుంచి చెయ్యి చాచి టీసీ తీసుకున్నాడు. చదివి, కళ్ళజోడు పైనుంచి ఏడుకొండలు వైపు చూశాడు.

"చదువు మానిపించింది ఎవరండీ?"

"నేనేనండి."

"మరి చేర్పించేదెవరు?"

"నేనేనండి."

వాళ్ళ వెనక ఇంకా పెద్ద వరస ఉంది. గుమాస్తా ఇంకేమీ అడగలేదు. ముద్ర గుద్ది, రసీదు చింపి, రెండో సంవత్సరం మళ్ళీ మొదట్నుంచి చదవాలని చెప్పి, పై అంతస్తులో ఎడమ చేతి గది అని వేలు చూపించాడు. వీరవేణి రసీదు నాన్న చేతిలో పెట్టి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. గదిలో పాఠం జరుగుతోంది. సారు మొహం చిట్లించుకుని గుమ్మం వైపు తిరిగాడు.

"ఆలస్యమైంది. వెనక ఖాళీ ఉంది, కూర్చో" అని మళ్ళీ బోర్డు వైపు తిరిగాడు.

ఆమె పేరేమిటో కూడా ఎవరూ అడగలేదు. వీరవేణి వెళ్ళి కూర్చుంది.